రాణి రూపాయిని తోమకండి

పాత వెండి రూపాయి అమ్మాలని అనుకోగానే ఇంట్లో జరిగే మొదటి పని దాన్ని తోమడం. చింతపండు గుజ్జు, విభూది, కుంకుడు రసం, ఈమధ్య టూత్‌పేస్టు. నల్లగా ఉంటే ఎవరూ కొనరని పెద్దవాళ్ళు అంటారు. తళతళలాడితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని చుట్టాలు అంటారు. నగల కొట్టులో కూర్చున్నాయన కూడా "మెరుగు పెట్టించుకు రండి, అప్పుడు చూద్దాం" అంటాడు. ఇంతమంది ఒకే మాట అంటుంటే కాదనడానికి నోరు రాదు. అయినా నేను కాదనే అంటున్నాను. ఈ సలహా పూర్తిగా తప్పు. తరాలుగా పెట్టెలో భద్రంగా ఉన్న నాణెం అమ్మకానికి ముందురోజు వంటింటి గట్టు మీద పాడవుతోంది. పాడుచేసేది దాన్ని అన్నేళ్ళు దాచుకున్నవాళ్ళే కావడం నాకు మింగుడుపడదు.

ఆ నలుపు ఏమిటో ముందు తెలుసుకుందాం. వెండికి ఇనుములాగా తుప్పు పట్టదు. గాలిలో లేశమాత్రంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి దాని పైపొర సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. పొయ్యి పొగ, మురుగు కాలువ ఆవిరి, ఉన్ని బట్ట, రబ్బరు, కొన్ని రకాల కాగితం, ఉడికిన గుడ్డు, ఇవన్నీ గంధకాన్ని అందించేవే. పొర మొదట్లో కొన్ని పదుల నానోమీటర్ల మందం మాత్రమే ఉంటుంది. అంత పలుచని పొర మీద పడ్డ వెలుగు కొంత పైనుంచి, కొంత అడుగునుంచి వెనక్కి తిరిగి కలుసుకునేసరికి రంగులు పుడతాయి. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులీనేది కూడా ఇలాగే. పొర మందం పెరిగేకొద్దీ లేత పసుపు, బంగారు రంగు, ఎరుపు కలిసిన ఊదా, నీలం వరసగా వచ్చి, చివరికి బూడిదరంగు, నలుపు మిగులుతాయి. నాణేల వ్యాపారులు దీన్ని టోనింగ్ అంటారు.

ఇక్కడ తోమేవాళ్ళు గమనించని సంగతి ఒకటుంది. ఆ నలుపు బయటినుంచి వచ్చి అంటుకున్న మట్టి కాదు. నాణెంలోని వెండే గంధకంతో కలిసి ఆ రూపం ఎత్తింది. సిల్వర్ సల్ఫైడ్ బరువులో 87 శాతం వెండే. నలుపును వదిలించామంటే ఆ మేరకు నాణెం ఒంటిమీది వెండిని గీకి కాలువలో పోసినట్టే. పోయే బరువు తక్కువే, త్రాసుకు అందనంత తక్కువ. కానీ అది పోయే చోటు ముఖ్యం. ముద్ర ఉన్నది ఆ పైపొరలోనే.

టంకశాలలో అచ్చు పడినప్పుడు వెండి ఆ ఒత్తిడికి మధ్యనుంచి అంచుల వైపు పారుతుంది. పారిన జాడ కంటికి ఆనని సన్నని చాళ్ళుగా నాణెం మీద మిగిలిపోతుంది. వాడకంలో అరగని నాణేన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పితే ఒక వెలుగు పట్టీ చక్రంలాగా తిరుగుతుంది. అదే లస్టర్. ఈ చాళ్ళు పోతే మళ్ళీ రావు, ఏ మెరుగూ వాటిని తెప్పించలేదు. విభూది, టూత్‌పేస్టు రెండింటిలోనూ రాపిడి గుణం ఉంది. అవి చాళ్ళను చదును చేసి, వాటి స్థానంలో వేలితో రుద్దిన దిక్కునే సాగే గీతల్ని గీసిపోతాయి. చింతపండులోని ఆమ్లం పని మరో రకం. బ్రిటిష్ ఇండియా రూపాయి లోహంలో వెయ్యికి 917 వంతులు వెండి, తక్కినది రాగి. ఆమ్లం పైపొరలో మాసిన రాగిని కరిగించి తీసేస్తుంది. అప్పుడు నాణెం పాలిపోయి, జీవం లేని తెలుపుకు తిరుగుతుంది. ఇంటివాళ్ళకు అది కొత్తదనంలా కనబడుతుంది. పది నాణేలు చూసిన మనిషికి మాత్రం అది కడిగిన నాణెమని చేతిలోకి తీసుకోకముందే తెలిసిపోతుంది.

దగ్గరనుంచి ఒక్క నాణేన్ని చూద్దాం. 1862 తేదీ ఉన్న విక్టోరియా రూపాయి మన ఇళ్ళలో తరచుగా దొరికేదే. ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాణి బొమ్మ, మరోవైపు పూలతీగ చుట్టులో విలువ, దేశం పేరు, తేదీ. ఈ తేదీని టంకశాలలు 1874 వరకు మార్చకుండా అలాగే కొట్టాయి. అందువల్ల 1862 అని ఉన్నంత మాత్రాన ఆ ఏడు కొట్టినదని చెప్పలేం. తేదీ దగ్గర, పైన పువ్వు దగ్గర ఉండే చిన్న చిన్న చుక్కల లెక్కను, పొందికను బట్టి, రాణి రవికె మీది పూల పనిని బట్టి సేకర్తలు రకాలను విడదీస్తారు. కొన్ని రకాలు కుప్పలుగా ఉన్నాయి, కొన్ని అరుదు. ధరలో తేడా అంతా అక్కడుంది. ఆ చుక్క గుండుసూది మొన అంత ఉంటుంది. నలుపు పట్టిన నాణెం మీద పల్లంలో ముదురు, మిట్టలో లేత రంగు తేలి, చుక్క చుట్టూ గీసినట్టుగా కనిపిస్తుంది. తోమిన నాణెం మీద మిట్టా పల్లం ఒకే తెలుపులో కలిసిపోతాయి. తోముడు గట్టిదైతే చుక్కే అరిగిపోతుంది. అమ్మబోయే మనిషి ధర చెప్పే గుర్తును తన వేలితోనే చెరిపేసుకున్నాడన్న మాట.

నైజాం రూపాయిలదీ ఇదే కథ. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మొదలైన చార్మినార్ రూపాయి మీద ఆ కట్టడపు నడిమి ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. మహబూబ్ నాణెమైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ నాణెమైతే ఐన్. ఉస్మాన్ రూపాయిల్లో ఆ ఐన్ కొంతే కనబడే రకం వేరు, నిండుగా కనబడే రకం వేరు. తెలంగాణ ఇళ్ళల్లో ఈ నైజాం రూపాయిలు, అంటే హాలీ సిక్కాలు, ఇంకా మూటల్లో ఉన్నాయి. వాటిని సంచితో సహా తూకానికి వేసేవాళ్ళు ఆ ద్వారంలోకి ఒక్కసారి భూతద్దం పెట్టి చూడరు. చూడక ముందే తోమేస్తారు.

తోమమనే పక్షం వాదనలు మూడు. మూడింటికీ జవాబు చెప్పాలి.

మొదటిది: ఎలాగూ వెండి ధరకే పోతుంది, తోమితే నష్టమేముంది? ఇందులో సగం నిజముందని ఒప్పుకుంటాను. బాగా అరిగిన అయిదో జార్జి రూపాయి, అందునా 1918 లాంటి ఏడాదిది, చాలావరకు వెండి ధరకే పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ వెండి రూపాయికి విపరీతమైన గిరాకీ వచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. ఆ వెండిలో అత్యధిక భాగం ఇండియా కోసమే బ్రిటన్‌కు అమ్మింది. అంత వెండి వచ్చి పడ్డాక ఆ ఏళ్ళ రూపాయిలు అరుదు ఎలా అవుతాయి? సరే, వాటిని వెండిగానే అమ్మండి. వెండిగా కొనేవాడు దాన్ని కరిగిస్తాడు. మూసలో వేసేదానికి మెరుపు దేనికి? తోమినందుకు అతను పైసా ఎక్కువ ఇవ్వడు. నాణెంగా కొనేవాడేమో తోమినందుకు ధర తగ్గిస్తాడు. ధనత్రయోదశికి పూజలో పెట్టుకోవడానికి తెల్లని రూపాయి కావాలనేవాళ్ళు ఉన్నారు, నిజమే. వాళ్ళిచ్చేది వెండి ధరకు కొంచెం పైన. ఆ కొంచెం కోసం మూటలో ఉన్న ఒక్క మంచి నాణేన్నయినా బలి ఇవ్వడం దండగ.

వెండి లెక్క కూడా అందరూ అనుకున్నంత సూటి కాదు. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, సరిగ్గా తులం. అందులో అసలు వెండి 10.69 గ్రాములు. 1940 నుంచి ఆరో జార్జి రూపాయిలో వెండి సగానికి పడిపోయింది. తూకం అంతే, వెండి మాత్రం 5.83 గ్రాములు. 1947 రూపాయి నికెల్, అందులో వెండి లేనే లేదు. హైదరాబాద్ రూపాయి సుమారు 11.18 గ్రాములు, వెయ్యికి 818 వంతులు వెండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అదీ సగమైంది. చెలామణీలో ఏడు హాలీ రూపాయిలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయిలతో సమానమని మన పెద్దలు లెక్క కట్టింది ఊరికే కాదు. ఇవన్నీ కలిపి ఒకే త్రాసులో వేసి ఒకే ధర కడితే, మంచి వెండి ఉన్నవాటికి అన్యాయం జరుగుతుంది. ఆ తేడా ఎవరి జేబులోకి పోతుందో వేరే చెప్పనక్కరలేదు. అదే మూటలో 1939 తేదీ ఉన్న రూపాయి దొరికితే అది నిజంగా అరుదైనది. తూకంలో పడితే అది కూడా ఒక తులం వెండే.

రెండో వాదన: నలుపు కింద దొంగ నాణెం దాక్కుంటుంది, తోమితే బయటపడుతుంది. ఇది తలకిందుల మాట. నకిలీని పట్టుకోవడానికి నలుపు తీయనవసరం లేదు. బరువు చూడాలి. అంచు చూడాలి: పోత పోసిన నకిలీకి అంచు మీద అతుకు గీత ఉంటుంది, గీతల పళ్ళు సమంగా ఉండవు, ఒంటిమీద చిన్న బుడిపెలో గుంటలో కనబడతాయి. అయస్కాంతం పెట్టి చూడాలి, వెండి దానికి అంటుకోదు. ఇంకా అనుమానముంటే దారం కట్టి నీళ్ళలో వేలాడదీసి తూయాలి. పూర్తి బరువున్న రాణి రూపాయి నీళ్ళలో సుమారు 1.13 గ్రాములు తేలికవ్వాలి. ఎందుకంటే ఆ లోహం సాంద్రత 10.3కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇంట్లో చిన్న డిజిటల్ త్రాసుంటే చాలు, ఈ పరీక్షలతో నాణేనికి గీత కూడా పడదు. ఇంకో మాట. తేదీలో ఒక అంకెను చెక్కి మార్చి అరుదైనదిగా అమ్మే మోసం ఉంది. చెక్కిన చోట పాత నలుపు తెగి, కొత్త లోహం బయటపడుతుంది. చుట్టూ ఉన్న రంగు చెక్కుచెదరకుండా అంకె అడుగుదాకా సాగి ఉంటే అది అసలుదనానికి పెద్ద సాక్ష్యం. తోమినవాడు నకిలీని బయటపెట్టడం లేదు, అసలును నిరూపించే సాక్ష్యాన్ని తుడిచేస్తున్నాడు.

మూడోది: మ్యూజియంలు శుభ్రం చేస్తాయి కదా? చేస్తాయి. భూమిలో పడి ఉప్పుతో గట్టిపడి, ముద్ర కనబడకుండా మూసుకుపోయిన నాణేలను శిక్షణ పొందినవాళ్ళు మైక్రోస్కోపు కింద, చదవడానికి చాలినంత వరకే శుభ్రం చేస్తారు. దానికీ, బీరువాలో సన్నగా నల్లబడ్డ రూపాయిని విభూదితో రుద్దడానికీ పోలికే లేదు. పొలంలో దొరికిన మూట సంగతి వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం దాన్ని కలెక్టరుకు తెలియజేయాలి. అది అమ్మకం ప్రశ్నే కాదు.

నాణేలను 1 నుంచి 70 దాకా అంకెలతో గ్రేడు చేసే పద్ధతి ఉంది. 1949లో విలియం షెల్డన్ అమెరికా రాగి సెంట్ల కోసం కట్టిన కొలబద్ద అది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థలు కడిగిన నాణేనికి అంకె ఇవ్వవు. ఎంత తక్కువ అరిగినా సరే, కడిగారని రాసి పక్కన పెడతాయి. అదే సహజంగా రంగు పట్టి, చూడముచ్చటగా ఉన్న నాణెమైతే ఎన్‌జీసీ అంకె పక్కన నక్షత్రం గుర్తు కూడా ఇస్తుంది. మన దేశంలో జరిగే నాణేల వేలాల్లోనూ టోనింగ్ ఉన్నదన్న మాటను వివరంలో మెప్పుగానే రాస్తారు. మన ఇళ్ళలో తీసేసే దాన్నే అక్కడ డబ్బిచ్చి కొంటున్నారు.

ఇంతమాత్రాన నలుపుంటే చాలు ధర పలుకుతుందని నేననను. ఈ మధ్య రెండో పిచ్చి ఒకటి మొదలైంది. ఇంద్రధనుస్సు రంగులున్న రూపాయి అంటూ రెట్టింపు ధరలు చెబుతున్నారు. గంధకపు రసాయనంతో, పొయ్యి వేడితో పూటలో ఆ రంగులు తెప్పించవచ్చు. సహజమైన రంగు వరస తప్పదు. పసుపు నుంచి ఊదా, ఊదా నుంచి నీలం మెల్లగా కలిసిపోతూ సాగుతుంది, అక్షరాల నీడలో కాస్త మారుతుంది. నాణేన్ని తిప్పితే ఆ రంగు కింద లస్టర్ కదులుతూ కనిపిస్తుంది. తెప్పించిన రంగు పైన తేలుతుంది. పాత గీతల్లోకి, దెబ్బల్లోకి కూడా ఒకే తీరుగా దిగిపోయి ఉంటుంది. కొన్నిసార్లు వాసనే పట్టిస్తుంది. పూర్తిగా బొగ్గులా నల్లబడ్డ నాణెం కూడా అందరికీ నచ్చదు, ఆ నలుపు లస్టర్‌ను మింగేస్తుంది కాబట్టి. అది కడిగితే బాగుపడుతుందనుకోవడం మాత్రం భ్రమ. అంత మందాన పొర పట్టిందంటే అడుగున చాళ్ళు ఇప్పటికే తినేయబడి ఉంటాయి. ముంచితీసే ద్రావకంలో పెడితే మచ్చల మచ్చల బూడిదరంగు బయటపడుతుంది.

మరి విలువ ఎలా కట్టాలి? ముందు అదేమిటో గుర్తుపట్టాలి: రాజు, తేదీ, టంకశాల, రకం. బొంబాయి, కలకత్తా గుర్తులు చిన్న చుక్కగానో, అక్షరంగానో ఉంటాయి. తర్వాత అరుగుదల: రాణి చెవి మీది జుట్టు, కిరీటపు పని, రవికె మీది పూలు ఎంతవరకు మిగిలాయి? ఆ తర్వాత పైపొర: కడిగారా, కొక్కెం అతికించి తీశారా, షరాబు గాటు పెట్టాడా? కాసులపేర్లలో, లంబాడా స్త్రీల దండల్లో ఉన్న రూపాయిలకు రంధ్రమో, టంకమో ఉంటుంది. వాటికి కుటుంబపు విలువ చాలా ఉంది, నాణెపు విలువ తక్కువ. ఇవన్నీ చూశాక, అదే రకం, అదే స్థితిలో ఉన్నది వేలంలో ఎంతకు పోయిందో వెతకాలి. అడిగిన ధర లెక్కలోకి రాదు. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. కొనుక్కున్నవాడు చెల్లించినదే ధర, అందులోంచీ వేలం సంస్థ కమిషన్ పోతుంది.

వయసును బట్టి ధర అనేది మరో మూఢనమ్మకం. 1911 అయిదో జార్జి రూపాయి ఆ తర్వాతి ఏడాది రూపాయికన్నా ఒక్క ఏడాదే పెద్దది. రాజు దుస్తుల మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని జనం అభ్యంతరపెట్టడంతో దాన్ని వెనక్కి తీసుకున్నారు, 1912 నుంచి ఏనుగు బొమ్మను సరిదిద్దారు. ఈ కారణానికే అది విలువైంది, పాతదైనందుకు కాదు. కంపెనీ పేరుతో రాముడి బొమ్మ, హనుమంతుడి బొమ్మ, 1818 తేదీ వేసి అమ్మే అణాలను ఈస్టిండియా కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు. పాత నాణేలకు లక్షలిస్తామని, ముందు ఫీజు కట్టమని చెప్పేవాళ్ళ విషయంలో జాగ్రత్తగా ఉండమని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది.

విదేశాల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. నాయనమ్మ రూపాయిలను సూట్‌కేసులో పెట్టుకుని అమెరికాలో మంచి ధరకు అమ్ముదామని అనుకోవద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. రాణి రూపాయిలన్నీ, ఎడ్వర్డ్ రూపాయిలన్నీ ఆ వందేళ్ళు దాటినవే. విదేశంలోని గ్రేడింగ్ సంస్థకు కొరియర్‌లో పంపడమూ ఎగుమతే.

పెట్టె తెరిచి రూపాయి తీశారా, అంచు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి. పసుపు, నూనె జిడ్డు పట్టి ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి తీయండి. మంటకు దూరంగా, గాలాడే చోట. అది పసుపును, జిడ్డును కరిగిస్తుంది, వెండిని ముట్టుకోదు. గోళ్ళరంగు తీసే సీసా పనికిరాదు, అందులో మరేవో కలుపుతారు. రుద్దకుండా ఆరనివ్వండి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, అవి కొన్నేళ్ళకు పచ్చని జిగురు వదులుతాయి. పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి రెండు వైపులా, అంచూ ఫోటో తీయండి. ఆ ఫోటోలు పట్టుకుని ఒక్కరి దగ్గర కాదు, ముగ్గురి దగ్గర ధర అడగండి. వాళ్ళలో ఎవరైనా "కడిగి తెండి, అప్పుడు చెబుతాను" అంటే, ఆయనకు నాణేల సంగతి తెలియదనో, తెలిసీ మీకు చెప్పడం లేదనో అర్థం చేసుకోండి. అక్కడ అమ్మకండి.